స్క్రిప్టు లేని నాటకం నేర్చుకోవడం: నా అనుభవం

పరిషత్తు పోటీ నాటికల్లో నాకు, తెర వెనక నుంచి డైలాగు అందించే ప్రాంప్టర్‌తో పని పడింది తక్కువ. నా డైలాగులే కాదు, ఎదుటివాడి డైలాగులు కూడా నోటికి వచ్చేసేవి. రిహార్సల్‌కి ఎవరైనా రాకపోతే వాళ్ళ పాత్ర కూడా నేనే లాగించేసేవాణ్ణి. అలాంటివాడి వాట్సాప్‌కి, స్క్రిప్టు లేకుండా అరగంట హాస్యనాటకం ఆడటం నేర్పుతాం అని ఒక పోస్టర్ వచ్చింది. మొదట చిరాకేసింది. రాయడం చేతకానివాళ్ళు దానికో పేరు పెట్టుకున్నారు అనుకున్నాను. విజయనగరంలో నాటకం అంటే రాసినదే. 1892లో గురజాడ అప్పారావు గారి 'కన్యాశుల్కం' నాటకం మొట్టమొదట ఆడింది ఈ ఊళ్ళోనే. అందులో మాటలు ఇప్పటికీ టీ కొట్టు దగ్గర సందర్భం చూసి వాడేవాళ్ళున్నారు. ఒక్క మాట అటూ ఇటూ అయితే పక్కవాడు ఊరుకోడు, సరిదిద్దుతాడు.

అయినా వెళ్ళాను. మా నాటక సమాజం నాటికలు మానేసి చాలా కాలమైంది. కొందరు పోయారు, కొందరు పిల్లల దగ్గరికి విశాఖపట్నం వెళ్ళిపోయారు. ఆదివారం మధ్యాహ్నం భోంచేసి పడుకోవడం తప్ప నాకు వేరే పనేమీ లేదు. అంతకు మించిన కారణం చెబితే అబద్ధమే అవుతుంది.

క్లాసు మూడు లాంతర్లకి దగ్గర్లో ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీద. బెంచీలు గోడవైపు జరిపేస్తే ఆడటానికి సరిపడా జాగా వచ్చేది. నేర్పే కుర్రాడిది ఈ ఊరే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బెంగళూరులో ఉండగా ఇంప్రోవ్, అంటే ఈ స్క్రిప్టు లేని నాటకం, నేర్చుకుని అక్కడ షోలు కూడా చేశాడు. ఇప్పుడు ఇంటి దగ్గరనుంచే పని చేసుకుంటున్నాడు. వయసులో మా అబ్బాయి కన్నా చిన్న. నేను మాస్టారూ అంటే మెలికలు తిరిగిపోయేవాడు, నన్ను బాబాయ్ గారూ అనేవాడు. మిగతావాళ్ళలో ఒక ఆర్టీసీ కండక్టర్, నెల్లిమర్ల వైపు ప్రభుత్వ బడిలో చెప్పే టీచరమ్మ, మందుల షాపు కుర్రాడు, డిగ్రీ చదివే ఇద్దరు అమ్మాయిలు, ఒక అబ్బాయి. అమ్మాయిల్లో ఒకరి నాన్నగారు మొదట్లో కూతురికి తోడుగా వచ్చి వెనక బెంచీలో పేపర్ చదువుకునేవారు. కొన్ని వారాలకి పేపర్ మడిచి పక్కన పెట్టి మమ్మల్ని చూడటం మొదలుపెట్టారు. ఆ తర్వాత, "నన్నూ కలుపుకుంటారా?" అని అడిగారు. ఆయన గురించి తర్వాత చెబుతాను.

ఇంప్రోవ్ అంటే నాకు తెలిసింది టీవీలో చూసే ఆటలే: ప్రతి మాటా ప్రశ్నగానే ఉండాలి, లేదా గంట మోగగానే భావం మార్చాలి. రెండు మూడు నిమిషాల్లో నవ్వించి అయిందనిపిస్తారు. దాన్ని షార్ట్ ఫామ్ అంటారని మాస్టారు చెప్పాడు. 1977లో కెనడాలోని కాల్గరీలో కీత్ జాన్‌స్టన్ మొదలుపెట్టిన థియేటర్‌స్పోర్ట్స్‌లో ఇలాంటి ఆటలతోనే రెండు జట్లు పోటీపడతాయి, జడ్జీలు మార్కులేస్తారు. (జడ్జీలు, మార్కులు అనగానే నాకు పరిషత్తు రోజులు గుర్తొచ్చాయి. అది వేరే బాధ.) మేం నేర్చుకోబోయేది లాంగ్ ఫామ్. ప్రేక్షకుల దగ్గర ఒకే ఒక్క మాట తీసుకుని, దాని నుంచి పాత్రలు, దృశ్యాలు పుట్టించి, అవి మళ్ళీ మళ్ళీ వచ్చి చివరికి ఒకదాంట్లో ఒకటి కలిసేలా ఇరవై ముప్పై నిమిషాలు ఆడాలి. అందులో పేరున్న పద్ధతి హెరాల్డ్. డెల్ క్లోజ్ అనే ఆయన 1967లో శాన్‌ఫ్రాన్సిస్కో బృందంతో చేస్తూ దాన్ని తయారుచేశాడు. తర్వాత చికాగోలో చార్నా హాల్పెర్న్‌తో కలిసి ఏళ్ళ తరబడి నేర్పాడు.

దానికీ వెనక వయోలా స్పోలిన్ అనే ఆవిడ ఉంది. చికాగోలో వలస వచ్చిన కుటుంబాల పిల్లలకి నాటకం నేర్పడానికి ఆవిడ కట్టిన ఆటల మీదే ఆమె కొడుకు పాల్ సిల్స్ వాళ్ళు 1955లో కంపాస్ ప్లేయర్స్, 1959లో సెకండ్ సిటీ అనే బృందాలు నడిపారు. పిల్లల బెంచీలు పక్కకి జరిపి మేం ఆడుతున్నవి పిల్లల కోసం పుట్టిన ఆటలే అన్నమాట. ఇది తెలిశాక నాకు సిగ్గు కాస్త తగ్గింది. ఎందుకంటే మొదటి వారాలన్నీ ఆటలే. గుండ్రంగా నిలబడి చప్పట్లు ఒకరి నుంచి ఒకరికి పంపడం, ఎనిమిది నుంచి ఒకటి దాకా లెక్కపెడుతూ కాళ్ళూ చేతులూ విదిలించడం, ఎదురుగా ఉన్నవాడికి అద్దంలా కదలడం. మెట్ల దగ్గర ట్యూషన్ పిల్లలు నిలబడి మా కాళ్ళు విదిలించడం చూసి నవ్వేవారు. అసలు ప్రేక్షకులు వచ్చేదాకా మాకు వాళ్ళే ప్రేక్షకులు.

ఆ తర్వాత వచ్చింది ఒప్పుకోవడం. ఎదుటివాళ్ళు ఏదంటే అది నిజమని ఒప్పుకుని, దానికి ఇంకొకటి కలపాలి. ఇంగ్లీషులో ఎస్ అండ్ అంటారు. "ఔను" అని నోటితో అనక్కర్లేదు, దృశ్యంలో ఆ సంగతి నిజమైపోతే చాలు. వినడానికి సులువు. టీచరమ్మ వచ్చి, "అన్నయ్యా, నాన్న మళ్ళీ ఇల్లు అమ్మేస్తానంటున్నాడు" అంది. మందుల షాపు కుర్రాడు, "మనకి ఇల్లెక్కడిది, అద్దెకుంటున్నాం కదా" అన్నాడు. అందరం నవ్వాం. మాస్టారు నవ్వలేదు. "ఇప్పుడు చెల్లెలు ఏం చెయ్యాలి?" అని అడిగాడు. నిజంగానే ఆవిడకి చెయ్యడానికేమీ మిగల్లేదు. అదే దృశ్యం మళ్ళీ ఆడించాడు. ఈసారి కుర్రాడు కాసేపు ఆగి, "ఓనరుకి తెలుసా?" అన్నాడు. అద్దె ఇల్లు అమ్మేసే తండ్రి దొరికాడు. ఆ తండ్రి మీద ఒక మధ్యాహ్నమంతా గడిచింది.

నా చిక్కు వేరే రకం. పరిషత్తు నటుడు ఎదుటివాడి మాటంతా వినడు, క్యూ వింటాడు. చివరి రెండు మాటలు పడగానే మన డైలాగు బయటికి రావాలి, అంతవరకు మనసులో తరువాతి వాక్యం సర్దుకుంటూ ఉంటాం. క్లాసులో ఒక అభ్యాసం ఉండేది: ఎదుటివాళ్ళ వాక్యంలో చివరి మాటతో మన వాక్యం మొదలుపెట్టాలి. అందులో నన్ను కొట్టేవాడు లేడు. అది చూసి మాస్టారు నాకు ఇంకోటి పెట్టాడు. ఎదుటివాళ్ళు ఎంత మాట్లాడినా విని, అందులో వాళ్ళకి బాధ ఎక్కడుందో ఒక్క వాక్యంలో చెప్పి, అప్పుడు మాత్రమే నా మాట అనాలి. కండక్టర్ గారు బస్సులో చిల్లర గొడవ గురించి మాట్లాడుతున్నారు. నేను చిల్లర దగ్గరే ఉండిపోయాను. ఆయన మధ్యలో ఎక్కడో, "మా అమ్మాయి కూడా ఆ బస్సులోనే ఉంది" అన్నారట. ఆ మాట మిగతా అందరికీ వినిపించింది.

ఇక వరసల సంగతి. దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. మొదటి రెండు మూడు మాటల్లో ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎక్కడున్నారో తేల్చేయాలని నియమం. బెంగళూరులో ఇంగ్లీషులో ఆడినప్పుడు దీనికోసం చాలా తంటాలు పడేవాళ్ళమని మాస్టారు చెప్పాడు. మనకి పిలుపులోనే సగం పని అయిపోతుంది. "ఒరేయ్ బావా" అంటే వేరు, "బావగారూ" అంటే వేరు. మొదటివాడు చిన్నప్పటి నుంచి కలిసి తిరిగిన మేనబావ, రెండోవాడు మొన్న పెళ్ళిలో వియ్యాలవారి తరఫున వచ్చినవాడు. "ఏమండీ" అని పిలిచి ఆగిపోయినా చాలు, దృశ్యం నడుస్తుంది.

కానీ అదే పిలుపు మాకు సంకెల కూడా అయింది. డిగ్రీ అబ్బాయి ఒక దృశ్యంలో నాకు తండ్రి. నేను పదో తరగతి తప్పిన కొడుకుని. వాడు కోపంగా వచ్చి, "నువ్వు... మీరు... ఎందుకండీ ఇలా చేశారు?" అన్నాడు. హాలంతా పడిపడి నవ్వారు. వాడు ఎర్రబడిపోయాడు. నా నెత్తి మీద తెల్లజుట్టు చూస్తూ ఒరేయ్ అనడం ఆ కుర్రాడి వల్ల కాలేదు. టీచరమ్మకీ అంతే, కండక్టర్ గారి ఇంట్లో పనిమనిషిగా వేస్తే బెత్తం పట్టుకున్నట్టే నడిచేది. జాన్‌స్టన్ ఈ హెచ్చుతగ్గుల మీద చాలా పనిచేశాడని మాస్టారు చెప్పి, మాతో పేకముక్కల ఆట ఆడించాడు. ముక్క ఎవరికి వాళ్ళు చూసుకోకుండా నుదుటి మీద పెట్టుకోవాలి. రాజు ఉన్నవాడికి అందరూ లేచి కుర్చీ ఇవ్వాలి, రెండు ఉన్నవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. మాట్లాడే తీరును బట్టి మన ముక్క ఏదో మనమే కనిపెట్టాలి. నాకు మూడు వచ్చింది. డిగ్రీ అబ్బాయి నన్ను చూసి, "ఏటి, ఇంకా ఇక్కడే ఉన్నావా? బేగి ఎల్లు" అన్నాడు. ముక్క వాడికి ధైర్యం ఇచ్చింది. ఆ తర్వాత నన్ను ఒరేయ్ అనడం వాడికి అలవాటైపోయింది. ఒకసారి మెట్ల మీద కూడా నోరు జారి, వెంటనే నాలిక్కరుచుకున్నాడు.

మేం మాకై పెట్టుకున్న కొన్ని షరతులు కూడా ఇక్కడే చెప్పాలి. పాత్రలకి ఇంటిపేర్లు పెట్టం. మన దగ్గర ఇంటిపేరు చెబితే కులం కూడా చెప్పినట్టే, ఆ వెంటనే నవ్వు ఎటు పోతుందో అందరికీ తెలుసు. ఒళ్ళు, రంగు, నత్తి మీద జోకులు వద్దు. మొగుడూ పెళ్ళాల దృశ్యాల్లో ముట్టుకోవాల్సి వస్తే భుజం, మోచెయ్యి వరకే. ఇవి పెట్టాకే వెనక బెంచీలో ఉన్న నాన్నగారి ముఖం తేటపడిందని నాకు అనిపించింది.

వస్తువులు లేకుండా వస్తువుల్ని చూపించడంలో మా అందరికీ గురువు కండక్టర్ గారే. గాల్లో టికెట్ మిషన్ పట్టుకుని, బొటనవేలితో నొక్కి, కాగితం చింపి ఇచ్చేవారు. ఆ టికెట్ పొడవు కూడా మాకు కనిపించేది. బస్సు మలుపు తిరిగితే నడుం ఆనించడానికి సీటు కడ్డీ వెతుక్కునేవారు. నేను టీ గ్లాసు పట్టుకుని తాగి, మాట్లాడుతూ చేతులు ఊపేసరికి ఆ గ్లాసు ఏమైందో నాకే తెలియదు. మాస్టారు దృశ్యం ఆపి, "బాబాయ్ గారూ, టీ ఎవరి మీద పోశారు?" అనేవాడు. నాటికల్లో మాకు నిజం గ్లాసే ఉండేది, అందులో నిజం టీ లేకపోయినా.

దృశ్యం ఎప్పుడు ముగించాలన్నది ఇంకో పాఠం. తెర లేదు, లైట్లు ఆర్పే మనిషి లేడు. వెనక వరసలో నిలబడ్డవాళ్ళలో ఎవరో ఒకరు వేదిక ముందు నుంచి అడ్డంగా పరుగెత్తితే దృశ్యం అయిపోయినట్టు. దాన్ని మేం తుడిచెయ్యడం అనేవాళ్ళం. ఆడుతున్నవాళ్ళలో ఒకరి భుజం తట్టి వాళ్ళ బదులు మనం దూరితే, మిగిలిన పాత్ర అలాగే ఉండి చోటు మారుతుంది. వెనక నిలబడటం విశ్రాంతి అనుకుంటాం కానీ కాళ్ళు అక్కడే ఎక్కువ నొప్పెడతాయి. ఇంకో మాట ఆగితే ఇంకా పెద్ద నవ్వు వస్తుందేమో అన్న ఆశ, ఇప్పుడే తుడవకపోతే చచ్చిపోతుందేమో అన్న టెన్షన్. టీచరమ్మకి ఇందులో మంచి చెయ్యి. బడి గంట ఎప్పుడు కొట్టాలో తెలిసిన మనిషి.

మా క్లాసులో పెద్ద తగువు మాత్రం వెటకారం మీద జరిగింది. మందుల షాపు కుర్రాడు మాటకి మాట అప్పగించడంలో దిట్ట. కౌంటర్ దగ్గర రోజంతా అదే పని. దృశ్యంలో ఎవరేమన్నా వాడి దగ్గర ఒక విసురు సిద్ధంగా ఉండేది, నవ్వు గ్యారంటీ. ఆ నవ్వు అయ్యాక మాత్రం దృశ్యంలో ఏమీ మిగిలేది కాదు. నేను మొదట వాడి పక్షమే. నవ్వించడానికే కదా వచ్చాం, నవ్వారు కదా అన్నాను. మాస్టారు వాదించలేదు. వాణ్ణి ఒక దృశ్యంలో పెట్టి, నీకు అసలు వెటకారం తెలియదు, ఎవరేమన్నా నమ్మేస్తావు అన్నాడు. కండక్టర్ గారు వచ్చి తాను బొబ్బిలి కోటకి వారసుణ్ణని చెప్పారు. కుర్రాడు నమ్మేశాడు. నమ్మి, పాత బాకీ కింద మోకాలి నొప్పి మాత్రల బిల్లు రాజుగారికి ఎలా ఇవ్వాలో తెలియక చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. అంతకు ముందెప్పుడూ వాడికి అంత నవ్వు రాలేదు. ఈ ఊళ్ళో మాట విసరడం పుట్టుకతో వస్తుంది. విసిరిన మాటని నమ్మి నెత్తిన పెట్టుకోవడం నేర్చుకోవాల్సి వచ్చింది. నన్నడిగితే ఆ క్లాసులకి కట్టిన డబ్బుకి ఈ ఒక్కటి చాలు.

దృశ్యంలో మొదట వచ్చిన వింత ఏదో పట్టుకుని, అది నిజమైతే ఇంకేమేమి నిజమవుతాయి అని పెంచుకుంటూ పోవడాన్ని వాళ్ళు గేమ్ అంటారు. వింత ఒక్కటే ఉండాలి. మిగతా లోకమంతా మామూలుగా ఉండాలి. రెండో వింత తెచ్చామా, మొదటిది నీరుగారిపోతుంది. ఇది మాకు చెప్పడం తేలికే, ఆడుతుంటే మాత్రం ఎవరో ఒకరు ఏనుగుని తోలుకొచ్చేవారు.

హెరాల్డ్ లెక్క ఇలా ఉంటుంది. ప్రేక్షకుల మాట మీద అందరూ కలిసి ఒక ప్రారంభం. దాన్నుంచి మూడు వేరువేరు దృశ్యాలు. తర్వాత అందరూ ఆడే ఒక ఆట. ఆ మూడు దృశ్యాలూ రెండోసారి, ఇంకా ముదిరి. మళ్ళీ ఒక ఆట. మూడోసారి వచ్చేటప్పటికి అవి ఒకదాంట్లోకి ఒకటి రావాలి. అంటే మొదటి ఐదు నిమిషాల్లో ఎవరో అనేసిన చిన్న మాట ఇరవయ్యో నిమిషంలో కావాలి. ఇది విన్నప్పుడు నాకు చప్పున అవధానం తట్టింది. మా నాన్నగారు నన్ను చిన్నప్పుడు అవధానాలకి తీసుకెళ్ళేవారు. దత్తపది, నిషిద్ధాక్షరి, సమస్య లాంటి పద్య పరీక్షలు వరసగా సాగుతుంటే మధ్యలో అప్రస్తుత ప్రసంగి దూరి, అవధాని గారి ధ్యాస చెడగొట్టడానికి అడ్డదిడ్డంగా అడుగుతాడు. జనానికి ఇష్టమైన భాగం అదే. కానీ సభ లేచి నిలబడేది చివర ధారణకి. పాదాలు పాదాలుగా చెప్పిన పద్యాలన్నీ ఒక్కటి పోకుండా అప్పజెబుతారు. హరికథకి పితామహుడనిపించుకున్న ఆదిభట్ల నారాయణదాసు గారు (1864–1945) అవధానాలూ చేశారు, 1919లో మొదలైన మన సంగీత కళాశాలకి తొలి అధ్యక్షులూ ఆయనే. అప్పటికప్పుడు పుట్టించడం మన ఊరికి కొత్తేమీ కాదని నేను కాస్త గర్వంగా క్లాసులో చెప్పాను. టీచరమ్మ వెంటనే, "అక్కడ అవధాని ఒక్కరే, మిగతావాళ్ళంతా ఆయన్ని పడగొట్టాలని చూస్తారు. ఇక్కడ పడిపోకుండా పట్టుకోవాలి కదండీ" అంది. నా దగ్గర జవాబు లేదు. అవధాని ధారణ ఒక బుర్రలో ఉంటుంది, మాది తొమ్మిది బుర్రల్లో చెల్లాచెదురుగా ఉంటుంది. నేను మర్చిపోయింది కండక్టర్ గారికి గుర్తుంటుంది. ఆ నమ్మకం కుదరడానికి చాలా ఆదివారాలు పట్టింది.

చివర్లో ఒక బడి హాల్లో షో పెట్టాం. వచ్చినవాళ్ళు మా ఇంటివాళ్ళు, స్నేహితులు, మెట్ల దగ్గర నవ్వే ట్యూషన్ పిల్లలు. లోపలికి వెళ్ళే ముందు ఒకరి వీపు ఒకరు తట్టి "నేనున్నాను" అనుకోవడం ఈ విద్యలో ఆచారం. మేమూ తట్టుకున్నాం. మాస్టారు ప్రేక్షకుల్ని ఒక మాట అడిగాడు. ఎవరో పెద్దావిడ "శుభలేఖ" అంది. ఒకరి మాట మీద ఒకరం మాట వేసుకుంటూ పోయాం: శుభలేఖ, పసుపు, మూలలకి పసుపు, అచ్చుతప్పు, పేరు వెయ్యలేదు, అలక, బస్టాండు, పసుపు రంగు, చారలు.

మొదటి దృశ్యంలో నేను పెళ్ళికూతురి తండ్రిని, డిగ్రీ అబ్బాయి ప్రెస్సు ఓనరు. ఎవరి పేరు పోయినా అలుగుతారని నేను పేర్లు చెబుతూనే ఉన్నాను. వాడు కార్డు మడతలు పెంచుతూ పోయాడు. "బాబాయ్, ఇది కార్డు కాదు, ఓటర్ల జాబితా" అన్నాడు. రెండో దృశ్యంలో వెనక బెంచీ నాన్నగారు. మా ఊరి పైడితల్లమ్మ పండగ సిరిమానోత్సవానికి పులివేషం కడతానని పట్టుబట్టిన ముసలాయన. మందుల షాపు కుర్రాడు కొడుకు. "నాన్నా, మోకాళ్ళ మాత్ర వేసుకున్నావా?" అని అడిగితే, ఆయన నాలుగు కాళ్ళ మీదా ఉండి తల మాత్రం తిప్పి, "పులికి మోకాళ్ళు నొప్పెట్టవురా" అన్నారు. మూడోది పార్వతీపురం బస్సు. కండక్టర్ గారు ప్రయాణికుడు, టీచరమ్మ ఆయన భార్య, ఇద్దరికీ మాటల్లేవు. కండక్టర్ వేషం ఒక డిగ్రీ అమ్మాయిది. "ఆయన్ని అడగండి, ఎక్కడికెళ్తారో." "ఆవిడకి చెప్పండి, ఆవిడ పుట్టింటికే అని." పాపం ఆ అమ్మాయి ఇద్దరి మధ్యా టికెట్లు కొట్టకుండా మాటలే మోసింది.

రెండోసారి వచ్చేసరికి నా కార్డు ఫ్లెక్సీ అయింది. అందరి పేర్లే కాదు, ఫోటోలు కూడా. కట్టడానికి వీధి చాలక రెండో చివర అయ్యకోనేరు గట్టు మీద కట్టారు. అలిగిన జంట డాక్టరు దగ్గరికి వెళ్ళింది, మందు ఎవరికో ఆయనకీ తెలియలేదు. పులి పింఛను లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకుకి వెళ్ళింది. క్లర్కు ఆయన సొంత కూతురు. నవంబరు నెల, పండగ అయిపోయి చాలా రోజులైంది, ఆయన ఇంకా రంగు కడుక్కోలేదు. ఫోన్లో ముఖం సరిపోలడం లేదు. "పెద్దాయనా, పండగ ఎప్పుడో అయిపోయింది కదా, ముఖం కడుక్కుని రండి" అంది కూతురు. ఆయన చాలాసేపు ఆమె వైపు చూసి, "పండగ అయిపోయిందమ్మా. పులి అవలేదు" అన్నారు. హాలు ఊగిపోయింది. నేను వెనక వరసలో నిలబడి తుడవడం మర్చిపోయాను, టీచరమ్మ పరుగెత్తింది.

రెండో సామూహిక ఆట తేలిపోయింది. అందరం ఒకేసారి మాట్లాడాం, ఎవరి మాటా ఎవరికీ వినపడలేదు. దాని గురించి ఇంతకన్నా చెప్పుకోవడానికి లేదు.

మూడోసారి బస్సులోనే అందరూ కలిశారు. నేను శుభలేఖల కట్టతో ఎక్కి పంచుతున్నాను. పులి ఎక్కి సీనియర్ సిటిజన్ రాయితీ అడిగింది, ఆధార్ చూపిస్తే ముఖం కలవలేదు. అలిగిన మొగుడు కార్డు తీసుకుని కండక్టర్ ద్వారా పెళ్ళానికి పంపించి, తన పేరుందేమో ఆవిడని చూడమన్నాడు. పులి కూడా చూసుకుంది. "అందరి పేర్లూ ఉన్నాయి, నా పేరేది?" అని అడిగింది. నేను పెన్ను తీశాను. ఏ పేరు రాయాలో నాకు నిజంగానే తెలియలేదు. పులి మొదటిసారి వచ్చినప్పుడు ఆయనకి పేరు పెట్టలేదు మేము. అప్పుడు టీచరమ్మ ఇటు తిరిగి, కండక్టర్‌ని దాటేసి, సూటిగా మొగుడితో, "ఏమండీ, పులి గారు అని రాయమనండి" అంది. దృశ్యమంతా వాళ్ళిద్దరి మధ్యా మొదటి మాట అదే. మాస్టారు లైటు ఆర్పేశాడు.

షో అయ్యాక పరిషత్తు స్నేహితుడొకడు నన్ను పక్కకి లాగి, "ఆ శుభలేఖ ముందే అనుకున్నదే కదా, ఆ పెద్దావిడ మీ మనిషే కదా" అన్నాడు. కాదని ఎంత చెప్పినా నమ్మలేదు. చివరి డైలాగు రాసిందెవరు అని అడుగుతూనే ఉన్నాడు. బిరుదు ఇచ్చినంత సంతోషించాను.

హెరాల్డ్ అంటే నాకు పూర్తిగా మనసు కుదిరిందని మాత్రం అనను. లెక్కలు ఎక్కువ. ఇప్పుడు ఏ దృశ్యం, ఎన్నోసారి అని సగం బుర్ర అక్కడే ఖర్చవుతుంది. ఆ తర్వాత నేర్చుకున్న మోనోసీన్ నాకు నచ్చింది. ఒకే చోటు, ఒకే సమయం, తుడవడాలు లేవు, ఎక్కినవాళ్ళు తప్పించుకోలేరు. మన నాటిక స్వభావానికి అది దగ్గర. డిగ్రీ పిల్లలకి అది నచ్చదు, నత్తనడక అంటారు. క్లాసుల వల్ల నా పాత విద్యకి జరిగింది ఒకటుంది. ఈ మధ్య ఒక నాటికలో చిన్న వేషం వేస్తే, ఎదుటి నటుడు ఒక డైలాగు మింగేశాడు. ఇదివరకైతే వాడి డైలాగు కూడా నేనే అందించి ముందుకి లాక్కుపోయేవాణ్ణి. ఈసారి ఆగి వాడి ముఖం చూశాను. వాడు తడబడి సొంత మాట ఒకటి అన్నాడు. దానికే నేను జవాబిచ్చాను. దర్శకుడు తర్వాత ఇద్దరినీ తిట్టాడు, అది కూడా న్యాయమే.

ఈసారి కొత్త పద్ధతి, ఆర్మాండో. చికాగోలో ఆర్మాండో డియాజ్ పేరు మీద వచ్చినది. ఒక మనిషి వచ్చి తన జీవితంలో నిజంగా జరిగిన సంగతులు చెబుతాడు, ఆ సంగతుల్లోంచి మేం దృశ్యాలు ఆడతాం. మధ్యలో ఆయన మళ్ళీ వచ్చి ఇంకోటి చెబుతాడు. ఎవర్ని పిలవాలన్న దాని మీద మా గ్రూపులో ఇంకా తెగలేదు. కండక్టర్ గారు డిపోలో రిటైరైన డ్రైవర్ ఒకాయన్ని పిలుద్దామంటారు, ఏజెన్సీ ఘాట్ రోడ్ల కథలు బోలెడున్నాయట. టీచరమ్మ వాళ్ళ అత్తగారు మాట్లాడటం మొదలుపెడితే మనకి ఆడటానికి సందు దొరకదని ఆమె భయం, అయినా పేరు ఇచ్చింది. పులి గారు తానే చెబుతానంటున్నారు, కూతురు వద్దంటోంది. మధ్యలో ట్యూషన్ సెంటర్ ఓనరు కూడా చెయ్యెత్తాడు. హాలు అద్దె తీసుకోకుండా ఇస్తున్నాడు కనుక చివరికి ఆయనకే దక్కేలా ఉంది. లెక్కలు తప్ప ఇంకేదైనా చెప్పాలని మాత్రం షరతు పెట్టాం.